ఆడనన్న ఆటగాడు, ఆగిపోయిన జీతం

ప్రశ్న: మాది సికింద్రాబాద్ వైపు ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్. ఈ ఏడాది ఇరవై నాలుగేళ్ళ స్ట్రైకర్‌ను నెలకు 15,000 రూపాయలకు తీసుకున్నాం. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద ఏడాదికి ఒప్పందం రాసుకున్నాం. మధ్యలో మానేస్తే 2 లక్షలు కట్టాలని అందులో ఉంది. పోయిన ఆదివారం లీగ్ మ్యాచ్‌కు గంట ముందు గ్రౌండ్‌కు వచ్చాడు. డ్రెస్ మార్చుకోకుండా "ఇయ్యాల నేను ఆడ సార్" అని గోడ పక్కన కూర్చున్నాడు. కోచ్ అడిగినా అదే మాట, నేను అడిగినా అదే మాట. మ్యాచ్ ఓడిపోయాం. ఇంకో క్లబ్ వాళ్ళు అతనితో మాట్లాడుతున్నారని తర్వాత తెలిసింది. రెండు నెలల జీతం స్పాన్సర్ వల్ల కాస్త ఆలస్యమైన మాట నిజమే గాని, ఆ సంగతి అతనికి ముందే చెప్పాం. కోపంలో మా క్లబ్ వాట్సాప్ గ్రూపులో "డబ్బుకు అమ్ముడుపోయాడు" అని పెట్టాను. అతని టెన్త్ మెమో మా దగ్గరే ఉంది. ఆ 2 లక్షలు వసూలు చేయవచ్చా? ఇంకే క్లబ్‌కూ ఆడకుండా ఆపవచ్చా? ఊరికే వదిలేస్తే మిగతా కుర్రాళ్ళు కూడా ఇలాగే తయారవుతారని కమిటీ అంటోంది.
— ఒక క్లబ్ సెక్రటరీ

సమాధానం:

సెక్రటరీ గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ కుర్రాడి మీద నాకూ కోపం వచ్చింది. మ్యాచ్‌కు గంట ముందు చేతులెత్తేస్తే టీమ్ షీట్ రాసేవాడి పరిస్థితి ఏమిటో నాకు తెలుసు. రెండోసారి చదువుతుంటే "కాస్త ఆలస్యమైన మాట నిజమే గాని" అన్న దగ్గర ఆగిపోయాను. మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ వాక్యం మీదే ఆధారపడి ఉంది. మీరేమో దాన్ని ఉత్తరం మధ్యలో, గొంతు తగ్గించి రాశారు.

ముందుగా తేలిక సంగతి. ఆడనన్నవాణ్ణి ఆడించే చట్టం ఎక్కడా లేదు. 1852లో లండన్‌లో జొహన్నా వాగ్నర్ అనే గాయని ఒక థియేటర్‌తో ఒప్పందం చేసుకుని, ఎక్కువ డబ్బు ఇస్తామన్న ఇంకో థియేటర్‌కు వెళ్ళబోయింది. మొదటి థియేటర్ యజమాని కోర్టుకెక్కాడు. ఆమె చేత పాడించడం తన వల్ల కాదని, ఒప్పందం ఉన్నన్నాళ్ళూ ఇంకోచోట పాడకుండా మాత్రం ఆపగలనని కోర్టు చెప్పింది. మన దేశంలో 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టమూ ఆ దారిలోనే నడుస్తుంది. మనిషి సొంత నైపుణ్యం మీద ఆధారపడిన పనిని కోర్టు బలవంతంగా చేయించదు. ఒప్పంద కాలంలో ఇంకొకరికి పని చేయనని అతను ఒప్పుకుని ఉంటే, అంతవరకు ఆపవచ్చని 42వ సెక్షన్ అంటుంది.

ఇది చదివి సంతోషపడకండి. ఆ సెక్షన్‌కే ఒక తోక ఉంది. ఆపమని అడిగేవాడు ఒప్పందంలో తన వంతు తప్పకుండా నెరవేర్చి ఉండాలి. మీ వంతు నెలకు 15,000. అది రెండు నెలలుగా అందలేదు. అంటే కోర్టు గుమ్మం ఎక్కకముందే మీ కేసు సగం పోయింది.

ఇక ఫుట్‌బాల్ వైపు చూద్దాం. ఆటగాళ్ళ హోదా, బదిలీల మీద ఫిఫా నిబంధనలున్నాయి. అందులో 14బిస్ అనే అధికరణాన్ని 2018లో చేర్చారు. గడువు తేదీ దాటి రెండు నెలల జీతం అందకపోతే, ఆటగాడు క్లబ్‌కు రాతపూర్వకంగా కనీసం 15 రోజుల గడువు ఇచ్చి, అప్పటికీ డబ్బు రాకపోతే న్యాయమైన కారణంతోనే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఒప్పందాల స్థిరత్వం విషయంలో దేశాల ఫెడరేషన్లు కూడా ఈ సూత్రాలను దృష్టిలో పెట్టుకుని సొంత నిబంధనలు రాసుకోవాలి. మీ కుర్రాడు నోటీసు ఇవ్వలేదు, నోటితో "ఆడ" అన్నాడు. అది అతని పొరపాటే. తెలిసినవాడెవరైనా పక్కన కూర్చుని నాలుగు లైన్ల నోటీసు రాయించి ఉంటే, పదహారో రోజున అతను స్వేచ్ఛగా వెళ్ళిపోయేవాడు, పైగా మీరే నష్టపరిహారం కట్టాల్సి వచ్చేది. ఆ నోటీసు అతను రేపైనా ఇవ్వవచ్చు. అందుకే మీకు వ్యవధి లేదంటున్నాను.

ఆలస్యం సంగతి ముందే చెప్పామంటున్నారు. చెప్పడం వేరు, అతను ఒప్పుకోవడం వేరు. అద్దె కట్టాల్సిన ఇంటి ఓనర్‌కు "మా స్పాన్సర్ ఇంకా ఇవ్వలేదండీ" అని ఆ కుర్రాడు చెబితే ఓనర్ ఊరుకుంటాడా?

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నేను ఒక క్లబ్‌కు మేనేజర్‌గా ఉండేవాణ్ణి. మా గోల్‌కీపర్ ఒక శనివారం గ్రౌండ్ బయట స్కూటర్ మీద కూర్చుని లోపలికి రానన్నాడు. బూట్లు లేసులతో ముడేసి హ్యాండిల్‌కు వేలాడుతున్నాయి. ఆడే ఉద్దేశం లేనివాడు బూట్లు ఎందుకు తెచ్చుకుంటాడన్న ఆలోచన నాకు రాలేదు. పదిమంది ముందు అరిచాను. రెండో కీపర్‌ను దింపాం, నాలుగు గోల్స్ తిన్నాం. ఆ వారంలోనే తెలిసింది, సోమవారం అతనికి స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ట్రయల్స్ ఉన్నాయట. శనివారం వేలు విరిగితే జీవితం పోయినట్టే. మాకు చెబితే పంపమేమోనని భయపడి చెప్పలేదు. మన ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడే కుర్రాడికి ఆటంటే పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగానికి ఒక దారి. ఆ సంగతి నాకు తెలిసి ఉండాల్సింది. అతనికి ఉద్యోగం వచ్చింది. మా క్లబ్ వైపు మళ్ళీ రాలేదు.

మీవాడు కూడా గ్రౌండ్‌కు వచ్చాడు గమనించారా? ఫోన్ స్విచాఫ్ చేసి ఇంట్లో కూర్చోలేదు. వచ్చి, గోడ పక్కన అందరికీ కనబడేలా కూర్చున్నాడు. అతను ఏదో చెప్పడానికి వచ్చాడనే నా అనుమానం.

అందుకే అతను సరిగ్గా ఏమన్నాడో, ఎవరి ముందు అన్నాడో, ఎన్ని గంటలకు అన్నాడో ఇవాళే కాగితం మీద పెట్టించండి. కోచ్ చేత విడిగా రాయించండి. ఇది చాదస్తం కాదు. 2011 సెప్టెంబర్ 27న మ్యూనిక్‌లో బాయెర్న్‌తో మ్యాచ్‌లో కార్లోస్ తెవెజ్ బెంచి మీది నుంచి దిగి ఆడనన్నాడని మాంచెస్టర్ సిటీ మేనేజర్ మాన్చీనీ మ్యాచ్ అయిపోగానే ప్రపంచానికి చెప్పాడు. తెవెజ్ కాదన్నాడు. విచారణ జరిపాక మిగిలిందేమిటంటే, మళ్ళీ వార్మప్ చేయమంటే చేయలేదన్న ఆరోపణ. "ఆడను" అనడానికీ "మళ్ళీ వార్మప్ చేయను" అనడానికీ మధ్య రెండు వారాల జీతం తేడా వచ్చింది. క్లబ్ నాలుగు వారాల జీతం కోయాలనుకుంటే, ఆటగాళ్ళ యూనియన్ ఒప్పుకోలేదు, రెండు వారాలకు తగ్గించాల్సి వచ్చింది. అంత డబ్బూ అంతమంది లాయర్లూ ఉన్న క్లబ్బే మాట దగ్గర ఇరుక్కుంది.

ఆ కథ మిగతాది కూడా మీకు పనికొస్తుంది. తెవెజ్ నవంబర్‌లో అనుమతి లేకుండా అర్జెంటీనా వెళ్ళిపోయి మూడు నెలలు అక్కడే ఉన్నాడు. ఈసారి అనుమానానికి తావు లేదు, జీతం గట్టిగానే కోశారు. ఫిబ్రవరిలో తిరిగొచ్చి క్షమాపణ చెప్పాడు. మాన్చీనీ అతన్ని మళ్ళీ ఆడించాడు. ఏప్రిల్‌లో నార్విచ్ మీద హ్యాట్రిక్ కొట్టాడు, మే 13న సిటీ లీగ్ గెలిచింది. ఇక ఎన్నటికీ ఆడడన్న మేనేజరే ఆడించాడు. పంతానికి పోలేదని అతన్ని తిట్టినవాళ్ళు నాకైతే కనబడలేదు.

అన్నీ అలా ముగియవు. 1998లో ఇంగ్లండ్ క్లబ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ స్ట్రైకర్ పియెర్ వాన్ హోయిడాంక్, తన జోడీ ఆటగాణ్ణి క్లబ్ అమ్మేసిందని అలిగి నెలల తరబడి ఆడలేదు. నవంబర్‌లో తిరిగొచ్చి గోల్ కొడితే తోటివాళ్ళు అతని దగ్గరకు వెళ్ళి భుజం తట్టలేదు. ఆ సీజన్ చివర ఫారెస్ట్ కింది డివిజన్‌కు పడిపోయింది, అతన్ని అమ్మేశారు. ఇక 2025 వేసవిలో న్యూకాజిల్‌కు ఆడనని అలెగ్జాండర్ ఇసాక్ దూరంగా ఉన్నాడు. సెప్టెంబర్ 1న 12.5 కోట్ల పౌండ్లకు లివర్‌పూల్ కొనుక్కుంది. పెద్ద క్లబ్బులకు ఓర్పు లాభసాటి బేరం, ఎందుకంటే వాళ్ళ చేతిలో ధర పలికే ఆటగాడున్నాడు. మీ చేతిలో ఉన్నది టెన్త్ మెమో.

దాని గురించి గట్టిగానే చెప్పాలి. ఆ మెమో ఇవాళ సాయంత్రమే తిరిగిచ్చేయండి. మన దగ్గర కాలేజీల నుంచి ప్రైవేటు ఆఫీసుల దాకా ఒరిజినల్స్ పట్టుకోవడం ఒక అలవాటైపోయింది. అలవాటు కాబట్టి హక్కు అనుకుంటారు. క్లబ్‌కు ఆ హక్కు లేదు. అతను పోలీస్ స్టేషన్‌కు వెళ్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే. ఇచ్చేటప్పుడు "ముట్టింది" అని సంతకం తీసుకోండి, అంతే. వాట్సాప్‌లో పెట్టిన ఆ మాట కూడా తీసేయండి. అమ్ముడుపోయాడనడం ఆటలో చిన్న తిట్టు కాదు, మ్యాచ్ ఫిక్సింగ్ అనే అర్థం వస్తుంది. తీసేసి ఊరుకోకుండా, కోపంలో రాశానని అదే గ్రూపులో ఒక లైను పెట్టండి. కష్టమే, తెలుసు.

2 లక్షల సంగతికొద్దాం. ఒప్పందంలో ఎంత రాసుకున్నా అంతా చేతికి రాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రాసుకున్న అంకె పై హద్దు మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. నెలకు 15,000 ఇచ్చే ఒప్పందంలో 2 లక్షలంటే పదమూడు నెలల జీతం కన్నా ఎక్కువ. మీ ఒప్పందమే పన్నెండు నెలలది! పైగా మీరు అతనికి 30,000 బాకీ. ఈ లెక్కతో ఏ లాయర్ దగ్గరికి వెళ్ళినా, ఫీజు ముందు తీసుకునేవాడే సరేనంటాడు.

ఇంకే క్లబ్‌కూ ఆడకుండా ఆపగలరా అన్నారు. ఒప్పందం ముగిశాక ఆపలేరు, అలాంటి షరతు రాసుకున్నా అదే కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. అక్కడ విషయం ఒక మేనేజ్‌మెంట్ కంపెనీతో ఒప్పందం. గడువు తీరాక కూడా అతని కాళ్ళకు తాడు కట్టాలని చూస్తే కుదరదంది. ఒప్పందం నడుస్తున్నప్పుడు మాత్రం మీకో ఆయుధముంది, అది ఆటగాడి మీద కాదు, ఆ రెండో క్లబ్ మీద. ఒప్పందంలో ఉన్న ప్రొఫెషనల్‌తో బేరం మొదలుపెట్టేముందు ఇప్పుడున్న క్లబ్‌కు రాతపూర్వకంగా చెప్పాలని ఫిఫా నిబంధన. ఒప్పందం అయిపోయినా, ఆరు నెలల్లోపు అయిపోబోతున్నా మాత్రమే అతను ఇంకొకరితో సంతకం చేయవచ్చు. కాబట్టి వాళ్ళకు మర్యాదగా ఒక ఉత్తరం పంపండి: ఫలానా ఆటగాడు ఫలానా తేదీ దాకా మా ఒప్పందంలో ఉన్నాడు, మాట్లాడదలిస్తే మాతో మాట్లాడండి అని. చాలా బేరాలు ఆ ఒక్క ఉత్తరంతో ఆగిపోతాయి. అయితే జీతం బాకీ తీర్చాకే పంపండి, లేకపోతే నవ్వుకుంటారు.

ఇక్కడ మీరు చూసుకోవాల్సిన చిన్న కాగితం ఒకటుంది. అతన్ని ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో ఏమని పెట్టారు? రాతపూర్వక ఒప్పందం ఉండి, ఆటకు అయ్యే ఖర్చు కన్నా ఎక్కువ డబ్బు అందితే అతను ప్రొఫెషనలే, మీరు ఏ పేరు పెట్టినా సరే. చిన్న క్లబ్బులు పని తేలికని అమెచ్యూర్, అంటే జీతం లేని ఆటగాడు, అని పెట్టేస్తుంటాయి. మీరూ అలా పెట్టి ఉంటే, అసోసియేషన్ ముందు ఆ స్టాంప్ పేపర్ తీసేసరికి మొదటి ప్రశ్న మీకే వస్తుంది. అలాగే మీ టీమ్‌లో పద్దెనిమిది నిండని పిల్లలతో ఇలాంటి స్టాంప్ పేపర్లు రాయించుకుని ఉంటే అవి చిత్తు కాగితాలే. మైనర్‌తో ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే, అప్పట్లో మనకు ఆఖరి కోర్టు అయిన లండన్ ప్రివీ కౌన్సిల్ తేల్చేసింది.

మరి అతన్ని అడగనే కూడదా? అడగాలి. బాకీ తీర్చినా, తీర్చే తేదీ రాసిచ్చినా, ఆ తర్వాత కూడా "ఆడ" అంటే అది తప్పే. చేయాల్సింది వరసగా, నిదానంగా చేయండి. ముందు 30,000 బ్యాంకులో వేయండి, నగదు వద్దు. ఆ మర్నాడు, అతనికి చదవడానికి వీలైన భాషలో, తెలుగైతే తెలుగు, ఉర్దూ అయితే ఉర్దూ, ఒక నోటీసు ఇవ్వండి. ఆదివారం ఏం జరిగిందో, ఒప్పందంలో ఏ షరతు తప్పాడంటున్నారో రాసి, వారం రోజుల్లో జవాబు అడగండి. చేతికిచ్చి సంతకం తీసుకోండి, తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. తర్వాత కమిటీలో ఇద్దరు కూర్చోండి. మీరు కూర్చోవద్దు, ఎందుకంటే ఫిర్యాదు మీదే. అతనితో పాటు అన్ననో స్నేహితుణ్ణో తెచ్చుకోనివ్వండి. గాయమంటే డాక్టర్‌కు చూపించండి. ఆపై నిర్ణయం కారణాలతో సహా రాయండి.

ఈ కారణాల గొడవ ఎందుకంటారా? 2024 సెప్టెంబర్‌లో అన్వర్ అలీ మోహన్ బగాన్ ఒప్పందం తెంచుకుని ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిన కేసులో ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) ఆటగాళ్ళ హోదా కమిటీ అతనికి నాలుగు నెలల నిషేధం వేసి, అతనూ ఈస్ట్ బెంగాల్, ఢిల్లీ ఎఫ్‌సీ క్లబ్బులూ కలిసి 12.90 కోట్ల పరిహారం కట్టాలంది. కారణాలు చెప్పలేదంటూ విషయం ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. కొద్ది రోజుల్లోనే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుని మళ్ళీ విచారించాల్సి వచ్చింది. దేశం మొత్తానికి పెద్దదైన కమిటీకే ఆ గతి పట్టింది.

తప్పని తేలితే ఆడని రోజుల జీతం ఇవ్వనక్కర్లేదు. ఒప్పందంలో జరిమానా షరతుంటే అది వేయవచ్చు, ఒకటి రెండు మ్యాచ్‌లు పక్కన పెట్టవచ్చు. అంతకు మించి "బుద్ధి చెప్పడం" మొదలుపెట్టకండి. టీమ్ ప్రాక్టీసుకు రానివ్వకుండా ఒంటరిగా గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించడం, డ్రెస్సింగ్ రూమ్‌లోకి రానివ్వకపోవడం, బలవంతంగా వెళ్ళగొట్టాలని వేధించడం ఫిఫా లెక్కలో క్లబ్ తప్పు అవుతుంది. దాంతో ఆటగాడికే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు వస్తుంది. మన కోచ్‌లు ఇలాంటివాటిని క్రమశిక్షణ అంటారు. ఆడననే జబ్బు ఆటగాళ్ళకే ఉందని కూడా అనుకోవద్దు. 2023 మార్చి 3న బెంగళూరు మీద మ్యాచ్ మధ్యలో కేరళ బ్లాస్టర్స్ జట్టుకు జట్టే మైదానం వదిలి వెళ్ళింది, 4 కోట్ల జరిమానా పడింది.

ఇంత రాశాక కూడా నా సలహా ఏమిటంటే, నోటీసు ఇచ్చేముందు అతన్ని ఒకసారి కూర్చోబెట్టి చాయ్ తాగించండి. గ్రౌండ్‌లో కాదు, మీ ఆఫీసులో కాదు, ఎక్కడైనా ఇరానీ హోటల్లో. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇండియాకు బంగారం తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాద్ మనిషి, స్కూలు మాస్టారు. ఆ జట్టులోని తులసీదాస్ బలరాం మీ వైపువాడే, అమ్ముగూడ. కుర్రాడిగా ఉన్నప్పుడు రోజూ ప్రాక్టీసుకు రావడానికి చేతిలో డబ్బుల్లేవని అతను అంటే, రహీమ్ సాబ్ సైకిల్ ఏర్పాటు చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కుర్రాడి ఇబ్బంది ఏమిటో ఆయన వినబట్టే కదా సైకిల్ వచ్చింది.

అడిగాక కూడా వెళ్ళిపోతాననే అంటే, పోనివ్వండి. ఇద్దరూ సంతకం పెట్టి ఒప్పందం ముగించండి. బాకీలేమీ లేవని రాసుకోండి, రిజిస్ట్రేషన్ విడుదల చేయండి. ఆ రెండో క్లబ్‌తో మాట్లాడితే మీరు పెట్టిన కిట్టు ఖర్చో ట్రైనింగ్ ఖర్చో ఎంతో కొంత రాబట్టుకునే వీలుంది. ఇష్టం లేకుండా ఆడే స్ట్రైకర్ గోల్ ముందు నిలబడి ఎవరి పెళ్ళికో వచ్చినట్టు చూస్తుంటాడు, మీకు తెలియనిది కాదు.

చివరగా మీ కమిటీ భయం. ఒకణ్ణి వదిలేస్తే అందరూ ఇలాగే తయారవుతారంటున్నారు. మిగతా కుర్రాళ్ళ జీతాలు ఏ నెల దాకా అందాయో మీ ఉత్తరంలో లేదు. అదొక్కటి చూసి నాకు మళ్ళీ రాయండి.